శారదగారిని అడగకూడని ప్రశ్న

రాజమండ్రి, ఆదివారం రాత్రి.

నా ప్రవర్తనపై నాకు నేనే నివేదిక సమర్పించుకోవలసి వస్తోంది. నేను చదివే నేరపరిశోధన నవలల్లో భర్త కనబడకపోతే ముందుగా భార్యను అనుమానించడం ఆనవాయితీ. కనుక ఎదురు ఫ్లాటు మూర్తిగారు వారంగా కనబడకపోవడాన్ని విచారణార్హమైన విషయంగా స్వీకరించాను. ఆ బాధ్యత నాకెవరూ అప్పగించలేదు.

సాయంత్రం ఆయన భార్య శారదగారు కరివేపాకు కోసం మా ఇంటికి వచ్చారు.

"మూర్తిగారు ఊళ్లో లేరా అండీ?" అని అడిగాను.

"తుని వెళ్లారండి. ఆఫీసు పని."

ఆయన స్వెట్టర్లతో సహా బట్టలన్నీ సర్దుకోవడం నేను మా బాల్కనీలోంచి వాళ్ల కిటికీలో చూశాను. తునిలో స్వెట్టరు దేనికి? నవలలో అయితే అధ్యాయం ఇక్కడ ముగుస్తుంది. నేను ముగించలేదు.

"గుమ్మం దాటేటప్పుడు వెళ్లొస్తానన్నారా, వెళ్తానన్నారా?"

"ఏంటండీ ఆ ప్రశ్న? ఆ పుస్తకాలు చదివి చదివి మతి పోయింది మీకు" అని మా ఆవిడ నవ్వేసింది.

శారదగారు నవ్వలేదు. చేతిలోని కరివేపాకు రెమ్మను చూస్తూ, "వెళ్తానన్నారండి" అన్నారు. ఆ వెంటనే, "ఎవరితోనూ అనకండి. మా అమ్మకింకా చెప్పలేదు" అన్నారు.

కళ్లు తుడుచుకుంటున్న ఆమెను మా ఆవిడ లోపలికి తీసుకెళ్లింది. నేను హాల్లోనే నిలబడిపోయాను.

ఆమె పరువుగా దాచుకున్న మాటను బయటికి లాగినందుకు సిగ్గుపడుతున్నానని రాస్తే అది సగం నిజమే అవుతుంది. ఆమె కళ్లు తుడుచుకుంటున్నప్పుడు నాలో ముందుగా కలిగింది జాలి కాదు. నా ఊహ నిజమైందన్న సంతోషం.