మెత్తటి నేలలో పద్నాలుగు బొరియలు

నేను, షేక్ హమీదా బేగం, మర్హూం డాక్టర్ షేక్ బహదూర్ గారి భార్యను, వయసు డెబ్బై ఒక్క సంవత్సరాలు, పుట్టింది గుంటూరు జిల్లా నరసరావుపేట, ప్రస్తుత నివాసం న్యూ సౌత్ వేల్స్‌లో కౌరా ఊరికి ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా నలభై ఎనిమిది ఎకరాల పొలంలోని ఇల్లు, ఈ కాగితాలు నా చేత్తో నేనే రాస్తున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. నా బుద్ధి సరిగానే ఉంది. ఈ ఉదయం పంతొమ్మిదో ఎక్కం ఇరవై దాకా తప్పు లేకుండా చెప్పుకున్నాను. కుడి కన్ను మాత్రం సరిగా లేదు. చట్టం అడిగేది బుద్ధి సంగతి కాబట్టి కన్ను సంగతి దాని చోట రాస్తాను. 1994లో ఇంగ్లీషులో రాయించిన వీలునామా ఇక చెల్లదు.

తెలుగులో ఎందుకు రాశావని నా కొడుకు రుమాన్ అడుగుతాడు. బాపట్ల ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై రెండేళ్ళు లెక్కలు ఈ భాషలోనే చెప్పాను. ఇందులో రాస్తే నేను తప్పు చెప్పను. ఇంగ్లీషు అనువాదం దీనితో జతపరిచాను. రెంటికీ తేడా వస్తే ఇదే ఖాయం.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత సిడ్నీ, పెండిల్ హిల్‌లో ఉండే ద్వారకానాథ్ గారికి అప్పగిస్తున్నాను. మా వారికి ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు. మా ఇంటికి వచ్చినప్పుడు తుపాకి ఉన్న ఇనుప బీరువాకు ఆనుకుని కుర్చీ వేస్తే, కుర్చీ తీసుకెళ్ళి వరండాలో కూర్చునే మనిషి. "అమ్మా, మీ చేతి టీ తాగుతాను గానీ ఆ గదిలో తాగలేను" అనేవారు. అయినా చెప్పిన పని చెప్పినట్టు చేసేవాళ్ళు నాకు తెలిసినంతలో ఆయన ఒక్కరే.

2. నా ఆస్తిలో మూడింట రెండు వంతులు షరియత్ ప్రకారం నా కొడుకు రుమాన్‌కూ కూతురు ఫరహ్‌కూ చెందాలి. కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. ఇది అన్యాయమని ఫరహ్ మెల్బోర్న్ దగ్గరి క్రాన్‌బర్న్ నుంచి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పింది. విన్నాను. వాటా మార్చను. కానీ నా ఇష్టానికి వదిలిన మూడో వంతులోంచి నా గాజులు నాలుగూ ఫరహ్ కూతురు షిఫాకు ఇస్తున్నాను. ఫరహ్ తూచి చూసుకోవచ్చు.

3. అదే మూడో వంతులోంచి: రుమాన్ కొడుకు జైద్‌కు మా వారి దుర్భిణి, తోలు సంచితో సహా. షిఫాకు మా వారి వైద్య పుస్తకాలు; ఆ పిల్ల పశువైద్యం చదువుతోంది, మనుషుల జబ్బులు కూడా కొంచెం తెలియడం మంచిది. నా ఉన్ని శాలువాలు షిఫా స్నేహితురాళ్ళకు కాకుండా షిఫాకే. రుమాన్‌కు వాడి చిన్నప్పటి లెక్కల పుస్తకం, ఏడో తరగతిది, నేను ఎర్ర సిరాతో దిద్దినది. ఆ రోజు కొట్టినందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నానని వాడికి తెలియదు. ఇప్పుడు తెలిసింది.

పక్క పొలం కోల్ ప్రాథర్ ఈ కాగితాల మీద సాక్షిగా సంతకం పెడుతున్నాడు. సాక్షికి ఏదీ రాయకూడదు. కాబట్టి నా పెద్ద ప్రెషర్ కుక్కర్‌ను పోయిన వారమే అతనికి చేత్తో ఇచ్చేశాను. "ఇది పేలదు కదా, మిసెస్ డాక్?" అని అడిగాడు. నాకు తుపాకి పట్టడం నేర్పిన మనిషి అతను.

4. ఇప్పుడు అసలు సంగతి.

మా వారు 1993 డిసెంబరులో పోయారు. తన పొలంలోనే తనను ఉంచాలని, పైన మట్టి తప్ప సిమెంటు గానీ పాలరాయి గానీ వేయకూడదని రాసి పెట్టారు. కౌన్సిల్ అనుమతి మరునాడు మధ్యాహ్నానికి వచ్చింది. సిడ్నీ నుంచి పదకొండు మంది మగవాళ్ళు వచ్చారు. అందరూ డాక్టర్లు, ఇంజనీర్లు. గడ్డపారలు రెండు, పారలు మూడు. నలభై డిగ్రీల ఎండ. మనవాళ్ళు ఖబర్‌ను చేతులతోనే తవ్వుతారు, యంత్రంతో తవ్వించరు. మొదలుపెట్టిన చోట అడుగు లోతులో రాయి తగిలింది. రుమాన్ అరచేతులు బొబ్బలెక్కాయి. ఆలస్యం చేయకూడదు. వాగు గట్టు పక్కన ఇసుక కలిసిన నేల చూపించి, "అక్కడ మెత్తగా ఉంటుంది" అన్నాను. గంటన్నరలో తవ్వేశారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

మెత్తటి నేల కుందేళ్ళకు కూడా కావాలి. ఈ దేశంలో ఇరవై ఏళ్ళు ఉండి, ఆ వాగు గట్టు మీద వాటిని రోజూ చూస్తూ, నేను ఆ మాట అన్నాను. రుమాన్ తన అరచేతులను తిట్టుకుంటాడు. అక్కర్లేదు. ఆ మాట నాది.

5. 1994 మార్చిలో ఖబర్‌కు పదకొండు మీటర్ల దూరంలో మొదటి బొరియ కనిపించింది. కోల్‌ను అడిగాను. మూడు దారులు చెప్పాడు. ట్రాక్టరుకు ఇనుప కొక్కేలు కట్టి బొరియలన్నీ లోతుగా దున్నేయడం, లోపలికి విషవాయువు వదలడం, తుపాకి. ఆయన ఉన్న మట్టిని దున్నించలేను. ఆయన ఉన్న మట్టిలోకి విషం పంపలేను. తుపాకి మిగిలింది. చుట్టూ వల కంచె కూడా వేయించాను. ఆ ఇసుకలో వాటికి కంచె కింద దారి చేసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

అరవై అయిదో ఏట మా వారి తుపాకితో కాల్చడం నేర్చుకున్నాను. 1996లో తుపాకుల మీద కొత్త చట్టం వచ్చాక దాన్ని ప్రభుత్వానికి అప్పగించి, రసీదు తీసుకుని, పరీక్ష రాసి, నా పేర లైసెన్సు తెచ్చుకుని, ఒక్కో తూటా చేత్తో ఎక్కించే పాయింట్ టూ టూ రైఫిల్ కొన్నాను. కారణం అన్న చోట "చీడ జంతువుల నివారణ" అని రాశాను. అబద్ధం కాదు.

నా నోటు పుస్తకం ప్రకారం 1994 మార్చి నుంచి 2000 ఫిబ్రవరి 20 దాకా వాడిన తూటాలు 4,112. కుందేళ్ళు 2,907. నక్కలు 61. వృథా 1,144. ప్రతిసారీ బిస్మిల్లా చెప్పాకే మీట నొక్కాను. ప్రాణంతో అందినవాటిని గొంతు కోసి జబహ్ చేసి వండాను, అందనివి కోల్ కుక్కలకు వెళ్ళాయి. 1996లో కుందేళ్ళకు జబ్బు వచ్చి గుట్టలుగా చచ్చాయి. ఆ డిసెంబరులో కంచె లోపల ఒక్క బొరియ లేదు. పని అయిపోయిందనుకుని పుస్తకంలో గీత గీశాను. జబ్బుకు తట్టుకున్నవి ఏడాదిన్నరలో తిరిగి వచ్చాయి. గీత కింద మళ్ళీ రాయడం మొదలుపెట్టాను.

6. ఈ పని ఎవరికి రాయాలో రెండేళ్ళు ఆలోచించాను.

జైద్‌కు ఇష్టమే. పోయిన ఈస్టర్‌కు వచ్చి మీట నొక్కి, చప్పుడు అయ్యాక బిస్మిల్లా అన్నాడు. ఆ కుందేలును కుక్కలకు వేయించాను. "దాదీ, ఆర్డర్ అంత మ్యాటరా?" అన్నాడు. కంప్యూటర్లతో బతికేవాడు అడగవలసిన ప్రశ్న కాదది. వాడు సిడ్నీలో, రెండువేల సంవత్సరం రాగానే తేదీలు తారుమారై కంప్యూటర్లు ఆగిపోకుండా సరిచేసే పని చేశాడు. నడుముకు పేజర్ కట్టుకుని ఆరు నెలలు ఇటు రాలేదు. జనవరి ఒకటిన ఫోన్ చేసి, "నథింగ్ హాపెండ్, దాదీ! అందరూ మమ్మల్ని చూసి నవ్వుతున్నారు, ఇంత హడావుడి దేనికని" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఏమీ జరగకుండా చూడడమే పని అయినప్పుడు చేసినవాడి చేతిలో చూపించడానికి ఏమీ మిగలదు. వాడికి ఇప్పుడు మెల్బోర్న్‌లో ఇంటర్నెట్ కంపెనీలో కొత్త ఉద్యోగం. ఏడు గంటల ప్రయాణం.

షిఫా గురి నాకంటే మంచిది. నలభై మీటర్లలో పది డబ్బాలు పెడితే పదీ పడగొట్టింది. తర్వాత కుందేలు వచ్చింది. తుపాకి దించేసి, "నానీ, ఐ కాంట్. అది నన్నే చూస్తోంది" అంది. నేను తిట్టాను. ఆ పిల్ల ఏడుస్తూనే వంగి, నేను కాల్చి పడేసినవాటిని ఏరి గంపలో వేసింది. ఏరడం మాత్రం మానలేదు. అందుకే గాజులు.

షిఫా లైసెన్సు తెచ్చుకుంటేనే వాటా అని ఒక షరతు రాసి, కొట్టేశాను. ఏడుస్తూ చేసే పని నాలుగు నెలలు నడుస్తుంది. ఇది నలభై ఏళ్ళ పని. కోల్‌కు డెబ్బై ఆరు. చేతులు వణుకుతున్నాయి. పొలం అమ్మకానికి పెట్టాడు.

7. నా కుడి కంటి మధ్యలో అక్టోబరు నుంచి ఒక బూడిద రంగు మచ్చ ఉంది. దేన్ని చూస్తే అదే కనిపించదు. పోయిన ఏడాది జనవరిలో 44 తూటాలకు 33 కుందేళ్ళు. ఈ జనవరిలో 40కి 9. ఫిబ్రవరి 20న కాల్చిన తూటా కంచె దాటి కోల్ గొర్రె పక్కన దుమ్ము లేపింది. గొర్రె నిలబడే ఉంది. నేను కూర్చుండిపోయాను. ఆ రోజు నుంచి తుపాకి తీయలేదు, జూన్‌లో లైసెన్సు తిరగరాయించను. ఈలోగా నేను పోతే ద్వారకానాథ్ గారు బీరువా తెరవనక్కర్లేదు. పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేస్తే వాళ్ళే వచ్చి తీసుకెళ్ళి నాశనం చేస్తారు. ఎవరికీ ఇవ్వడం లేదు.

8. పొలం అమ్ముకోవచ్చు. అమ్మవద్దని రాసినా ఏడాదిలో అమ్ముతారు. ఖబర్ ఉన్న నాలుగు గుంటల జాగా మాత్రం అమ్మకంలో చేరకూడదని, అక్కడికి నడిచే దారి ఉండాలని లాయరు చేత రాయించాను. కొన్నవాళ్ళు కుందేళ్ళను కాల్చాలని రాయించమంటే అలాంటి షరతు నిలవదన్నాడు.

నిన్న కొలిచాను. కంచె లోపల బొరియలు పద్నాలుగు. దగ్గరిది తలవైపు గుర్తుకు పెట్టిన రాయికి మీటరు అరవై సెంటీమీటర్లు. "అమ్మీ, అబ్బా అక్కడ లేరు, దువా ఎక్కణ్ణుంచి చేసినా అందుతుంది" అని ఫరహ్ అంటుంది. నిజమే. మతం నాకూ తెలుసు. నలభై ఏళ్ళకు పైగా పక్కన పడుకున్న మనిషి పక్కటెముకల మధ్య కుందేళ్ళు పిల్లల్ని పెట్టుకుంటాయని కూడా నాకు తెలుసు. ఎముకలు బయటపడితే ఏం చేయాలో మౌల్వీ గారిని అడిగి విడి కాగితం మీద రాశాను. అది కవరులో ఉంది. తెరిచేది రుమాన్. షిఫా కాదు.

9. నా అంత్యక్రియల గురించి. కౌన్సిల్ ఇచ్చిన అనుమతి ఇద్దరికి. ఆయన కుడివైపు ఆరడుగులు నా కోసం ఆరేళ్ళుగా ఖాళీగా ఉంది. అక్కడ ఇప్పటి వరకు ఎవరూ పార వేయలేదు. గడ్డి వేళ్ళు పట్టి మట్టి బిగిసి ఉంది. పద్నాలుగు బొరియల్లో ఒక్కటీ ఆ వైపు నుంచి రాలేదు. అక్కడ నా కోసం తవ్వితే ఆ గోడ పోతుంది.

కాబట్టి నన్ను ఆయన పక్కన పెట్టవద్దు. సిడ్నీకి తీసుకెళ్ళి, రూక్‌వుడ్ ఖబరస్తాన్‌లో ముస్లింల వరసలో ఏ నంబరు వస్తే ఆ నంబరులో ఉంచండి. కుడివైపు నేలను ఎవరూ ముట్టుకోవద్దు.

తేదీ: 2000 మార్చి 12, ఆదివారం, కౌరా.

(సంతకం) షేక్ హమీదా బేగం

ఆమె మా ఇద్దరి ఎదుట, ఒకే సమయంలో, పేజీ పేజీకీ సంతకం చేశారు. తెలుగు కాగితాన్ని నేను, శేషుకుమారి, పైకి చదివి వినిపించాను. రెండు చోట్ల నా ఉచ్చారణ దిద్దారు.

సాక్షి 1: కె. శేషుకుమారి, మందుల షాపు, కౌరా
సాక్షి 2: కోల్ ప్రాథర్, రైతు