ధ్రువం దగ్గరి పాత సంబంధం

పిన్నికి నమస్కారాలు.

సెలవులకి రాలేను, కోప్పడకు. ధ్రువం దగ్గర ఒక పాత సంబంధం బయటపడింది, దాని వెనకే పడ్డాను. అక్కడ రెండు సముద్రాల అడుగు బురదలోనూ ఒకే రకం నాచు పెంకులు దొరికాయి, గాజులా ఉంటాయి, కంటికి ఆనవు. అంటే లక్షల ఏళ్ళ కిందట, మంచు అడ్డం రాకముందు, అటూ ఇటూ రాకపోకలుండేవి. నా థీసిస్ చూసే ప్రొఫెసర్ మాత్రం ‘ఆ సంబంధం ఉత్తది, అన్నీ గాలికొచ్చినవే’ అంటున్నాడు. ఆయన సంతకం పెట్టకపోతే పట్టా రాదు, చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది. నా చదువంతా బురదలో పోసిన పన్నీరే.

నీ అక్కకూతురు

తా.క. ఆయన ఉండేది మీ ఊళ్ళోనే, మ్యూజియం వెనక. ఎదురుపడితే నా తరఫున ఒకసారి ఉరిమి చూడు.

*

చిరంజీవికి పిన్ని దీవెనలు.

నీ ఉత్తరం చదివి కుట్టుమిషను ముందే కూర్చుని ఏడ్చాను, సంతోషంతో. మధ్యలో సముద్రాలనీ పెంకులనీ ఏదో రాశావు. సిగ్గుపడి మాట తిప్పావని నాకు తెలీదా? ధ్రువ, పేరు బాగుంది. పాత సంబంధమంటే మరీ మంచిది. రాకపోకలు కూడా ఉన్నాయంటున్నావు. అలాంటివాళ్ళని గాలికొచ్చినవాళ్ళనడానికి ఆ ప్రొఫెసరెవడే? రేపే వెళ్ళి కడిగేస్తాను.

నీ పిన్ని

తా.క. అడ్డం వచ్చిన ఆ మంచు ఎవరు? ఆడపడుచా?

*

పిన్నీ,

నమస్కారాలు తర్వాత పెడతాను, ముందు నువ్వు ఆగు. ధ్రువం అంటే భూమి కొస. మంచు అంటే మంచే. సంబంధం ఆ సముద్రానికీ ఈ సముద్రానికీ. ఆ పెంకులు ఒకదానికొకటి గొలుసులా అతుక్కుని ఉంటాయి, ఆ గొలుసు తెగకుండా దొరికాయి, గాలికి ఎగిరొచ్చినవైతే పొడైపోవా అన్నది నా వాదన. నువ్వెళ్ళి ఆయన్ని కడిగేస్తే నా కొంప మునుగుతుంది.

నీ అక్కకూతురు

తా.క. వెళ్ళలేదు కదా?

మళ్ళీ తా.క. వెళ్ళినా ఏమీ అనలేదు కదా?

*

చిరంజీవికి దీవెనలు.

వెళ్ళాను, అన్నాను. ‘పిల్ల పెళ్ళికి మీ సంతకమెందుకండీ’ అని నిలదీశాను. ఆయన కుర్చీ వేసి, సూక్ష్మదర్శినిలో నీ పెంకులు చూపించాడు. లేసు అల్లినట్టున్నాయే. మర్నాడూ వెళ్ళి చూశాను. ఆ మర్నాడు కూడా.

నీ పిన్ని

తా.క. టీ బాగా పెడతాడు.

*

పిన్నీ,

నా థీసిస్ నుంచి ఆయన తప్పుకున్నాడని ఇవాళ ఆఫీసు కాగితం వచ్చింది. కారణం ‘సొంత విషయం’ అట. కొత్తాయన ఎవరో, ఎలాంటివాడో. ఉద్యోగంవాళ్ళు ఈ నెల దాటితే ఆగరు. ఏడుపొస్తోంది. నిజం చెప్పు, ఆయన్ని ఏం చేశావు?

నీ అక్కకూతురు

*

చిట్టితల్లికి పిన్ని దీవెనలు.

ఆయన్ని ఏమీ చేయలేదే. చేసుకుంటున్నాను.

ఇన్నేళ్ళు ఒంటిదాన్నే బతికాను, లోటేమీ లేదనుకున్నాను. ఉందని ఇప్పుడు తెలిసింది. రేపు నీకు బాబాయి కాబోయేవాడు నీ చదువుకి తీర్పు చెప్పకూడదట, అందుకని తప్పుకున్నాడు. కొత్తాయన నీ గొలుసుల సంగతి ఒప్పుకుని నిన్ననే సంతకం పెట్టేశాడట. కళ్ళు తుడుచుకుని ఉద్యోగంలో చేరు.

నీ పిన్ని

తా.క. మీ బాబాయి మాత్రం ఇంకా గాలే అంటున్నాడు. పెళ్ళి కానీ, ఆ గాలి నేను తీస్తాను.