మూడో బృందం, అదే పాట

ఉగాది రాత్రి, 1986. జనక్‌పురి, ఢిల్లీ.

డాన్స్ పోటీకి జడ్జిగా కూర్చోమంటే కూర్చున్నాను, నా ఖర్మ. మూడు బృందాల పిల్లలూ ఒకే పాటకి ఎగిరారు. హాస్టల్ రోజుల్లో అందరూ నాచేత పదే పదే పాడించుకున్న విరహగీతం అది. ఇప్పుడు దానికి మూడు డిస్కో క్యాసెట్లట! ఒకదాన్ని మించి ఒకటి దరిద్రం. ప్రియుడు రాలేదని పాట ఏడుస్తుంటే, జిగేల్‌మనే గౌన్లలో వీళ్ళు పళ్ళికిలిస్తూ నడుములు తిప్పుతున్నారు. పిల్లలకి తెలుగు రాదు సరే, నేర్పిన తల్లులకేమైంది?

మూడో బృందం సగంలో ఉండగా కరెంటు పోయింది. పీడ విరగడైందనుకున్నాను. ఇంతలో తెలుగు సంఘం కార్యదర్శి, హాస్టల్లో నా జూనియరే, పెట్రోమాక్స్ లైటు పట్టుకొచ్చి, "గురువుగారూ, మీ పాటే కదా, అందుకోండి" అన్నాడు.

అసలు పాటంటే ఏమిటో చూపిద్దామని, కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఎత్తుకున్నాను. అడుగుల చప్పుడు ఆగిపోయింది. స్టేజి మీద ముందు వరసలో ఉన్న పిల్ల, "అంకుల్, థోడా ఫాస్ట్!" అని అరిచింది. హాలంతా నవ్వు.

ఫాస్ట్‌గా పాడాను. వాళ్ళ క్యాసెట్లో మధ్య మధ్య వచ్చే ఆ వెధవ "హా హూ"లతో సహా. చప్పట్లు మోగిపోయాయి. లేచి నమస్కారం కూడా పెట్టాను.

ఆ "హా హూ"లు ఒక్కటీ తప్పు పోలేదు. ఎప్పుడు నేర్చుకున్నానో...