స్ప్రింగులు కోయొద్దు

తమ్ముడూ, నీ స్పోర్ట్స్ కారు ఎత్తు తగ్గించడానికి స్ప్రింగులే కోసేస్తున్నావని పక్కింటి పిన్ని అంటోందట, పాలామె చెప్పింది. కట్టర్ నాతో మా మెకానిక్ షెడ్డుకి పట్టుకుపోతున్నాను, దానికోసం ఇల్లు పీకి పందిరెయ్యకు. సాయంత్రం పొట్టి స్ప్రింగులు, వాటిని నొక్కిపెట్టే క్లాంపులు తెస్తాను. అందాకా కారు కింద దూరావంటే కాళ్ళు విరగ్గొడతాను. కోసిన స్ప్రింగు గుంత తగిలితే గూట్లోంచి జారి టైరుని చీల్చేస్తుంది. క్లాంపు లేకుండా విప్పితే తుపాకి గుండే. నాన్నకి ఒక పక్క దవడ ఎగరగొట్టింది అలాంటిదే, గోడ వారన పడ్డ పళ్ళు నేనే ఏరాను. అన్నం మూతపెట్టాను, తిను.

అక్క

మరిచాను. నువ్వైనా వాడికి చెప్పు నాన్నా అని పొద్దున అడిగాను. "మొహంలో ఏ పక్క ఉంచుకుంటాడో వాణ్ణే తేల్చుకోమను" అన్నాడు.