మూడో పలక

నాన్నగారికి,

నమస్కారాలు. అమ్మ, చెల్లి, నేను కులాసాగానే ఉన్నాం. అమ్మ మోకాలినొప్పి తగ్గింది. మీరు వచ్చి అడిగితే మళ్లీ వస్తుందని రాయమంది. కొత్త మిల్లులో యంత్రాలు బిగించే పని ఇంకో రెండు నెలలు పడుతుందన్న మాట మాత్రం ఆమెకి మెల్లగా చదివి వినిపించాను.

మ్యూజియంలో ఉద్యోగం ఎలా ఉందని అడిగారు. పాత యంత్రాల పక్కన పెట్టే చీటీలు రాస్తున్నాను. తొలినాటి ఆవిరియంత్రాల్లో పిస్టన్‌కీ సిలిండరుకీ మధ్య నాణెం దూరేంత సందుండేదట. ఒక కార్ఖానాలో చేసిన బోల్టు ఇంకో కార్ఖానా నట్టులో పట్టేది కాదట. అంత చరిత్రకీ నాకిచ్చేది నలభై మాటలు. మ్యూజియం పెద్దాయన వాటిని చదివి బాగున్నాయంటారు, తలెత్తకుండా. అదే పెద్దాయన మన వర్క్‌షాపుకొచ్చి, చెల్లి పని చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

ఇనుమును ఎలా చదును చేసేవారో జనానికి చూపించడానికి ఆయన రెండు పలకలు అడిగారు. చెల్లి పదకొండు రోజులు వాటిమీదే వంగి ఉంది. ఒక పలకకి ఎర్రరంగు పల్చగా పూయడం, రెండోదాన్ని దానిమీద బోర్లించి జరపడం, రంగంటిన మిట్టలన్నీ గీకడం, మళ్లీ పూయడం. మీరు చెల్లికి రాసిన ఉత్తరం ఆ పనిబల్లమీదే ఉండేది. "నీ చేతిలో నా చెయ్యి ఉంది" అన్నారు. అదే కవర్లో నాకూ రాశారు. కళ్లు పాడుచేసుకోకు, దీపం దగ్గరగా పెట్టుకుని చదువుకో అన్నారు.

మీ రెండో ప్రశ్న దగ్గర ఆగి మూడు కాగితాలు చింపాను. చదును సరిచూసే మీ పలక మీరు తీసుకెళ్లలేదనీ, సరిగ్గా వెతకమనీ రాశారు. వెతకక్కర్లేదు నాన్నా. మొన్న గురువారం దాకా నా బీరువా అడుగు అరలో, నిఘంటువుల వెనక, మీరు చుట్టిన నూనెగుడ్డలోనే ఉంది. చెల్లి చేతిలో మీ చెయ్యి ఉందన్న ఆ ఉత్తరం వచ్చిన రోజే మోసుకొచ్చి దాచాను. చెల్లి అడిగితే మీరు పట్టుకెళ్లి ఉంటారన్నాను. నమ్మింది. నేను చదువుకున్నదాన్నని నా మాట ఎప్పుడూ నమ్ముతుంది.

అంతటితో అయిపోలేదు. రెండు పలకల్ని ఒకదానితో ఒకటే సరిచూస్తే, ఒకటి ఉబ్బుగా, ఒకటి గుంటగా ఉన్నా చక్కగా అతుక్కుంటాయి. మూడోది ఉంటేనే తప్పు బయటపడుతుంది. చీటీకోసం చదివిన పుస్తకంలో ఇది ఒక పేజీ. మీ పలక ఎప్పుడూ పక్కనే ఉండేది కాబట్టి చెల్లికి ఇది తెలియాల్సిన పని పడలేదు. నాకు తెలుసు. పదకొండు రోజులూ తెలిసే ఊరుకున్నాను.

గురువారం చెల్లి మీ ముద్ర కొట్టడానికి అచ్చు తీసింది. చెల్లి సొంత పేరే అయితే కొట్టనిచ్చేదాన్ని. మీ పేరు కావడంతో ఇంటికెళ్లి పలక తెచ్చి బల్లమీద పెట్టాను.

ఏమీ అడగకుండా దానికి రంగు పూసి, తన పలకల్ని బోర్లించి చూసింది. ఒకదానికి నడిమధ్య అరచేయంత ఎరుపు. రెండోదానికి నాలుగు మూలలే.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"పుస్తకంలో ఉంది."

గీకే స్క్రేపర్ తీసి తుడిచింది. తర్వాత అంది. "నాన్న నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పుస్తకాల్లో కథలన్నీ చెప్పించుకునేవారు. నేను ఇక్కడ గీకుతూ వినేదాన్ని. నాతో ఎప్పుడైనా ఒక్క అరగంట మాట్లాడారా? పని చూసి, ఊఁ అని వెళ్లిపోయేవారు."

స్క్రేపర్ పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"ఆ పేజీ తెచ్చి చదువు. నీ మామూలు గొంతుతో కాదు, లేత్ మోతలో వినపడాలి."

చదివాను. పెద్దాయనకి తనదే పొరపాటని చెప్పి, చెల్లి ఇంకో పది రోజులు గడువు అడిగింది. నా ఊసెత్తలేదు. అలా అనగలిగినందుకు కూడా నాకు దానిమీద అసూయే, నాన్నా. ఇంకా తగ్గలేదు. రోజూ వర్క్‌షాపుకి వెళ్లి రంగు మాత్రం పూస్తున్నాను.

మీరు కోప్పడాల్సింది నన్నొక్కదాన్నే. కానీ ఈసారి కాగితం ఒకటే రాయండి, ఇద్దరికీ కలిపి. చెల్లికి కాస్త ఎక్కువగా, నాకు కాస్త కటువుగా రాయండి. లేత్ పక్కన నిలబడి నేనే పైకి చదువుతాను.

ఇట్లు,
మీ పలక తుడిచి, వర్క్‌షాపులో మునుపు ఉన్నచోటే పెట్టిన
మీ పెద్దమ్మాయి