రాజమండ్రిలో గాలి మారిన రోజు

ఏమండీ,

ఎట్లా ఉన్నారు? మీరు వెళ్లి మొన్నటికి ఏడాది నిండింది. సంవత్సరీకం బాగానే జరిగింది. మటన్ కూరలో కారం ఎక్కువైందని మీ తమ్ముడు నీళ్ల మీద నీళ్లు తాగాడు. మీరుంటే ఇంకాస్త వేయమనేవారు...

ఇంట్లో అందరం బాగున్నాం. నేను అంగన్‌వాడీకి పోతూనే ఉన్నాను. మన పిల్ల కవిత ఖమ్మంలో అదే కోచింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఇవి చెప్పడానికైతే ఉత్తరం అక్కర్లేదు. ఇంకో సంగతి ఉంది. ఇక్కడ ఎవరికి చెప్పినా సగమే అర్థమవుతోంది. మీకైతే మొత్తం అర్థమవుతుంది.

మొన్న ఆదివారం మన గుంపు విమానాలన్నిటినీ రాజమండ్రిలో నేను దింపాను.

అవునండీ, నేనే.

మీరు బస్సు దిగి రిటైరై ఇంటికొచ్చిన కొత్తలో ఎట్లా ఉండేవారో గుర్తుందా? చేతులు ఊరుకునేవి కావు. కుర్చీలో కూర్చుని కూడా గేరు మార్చేవారు. అది చూసే కదా అల్లుడు తన పాత కంప్యూటరు తెచ్చి, అందులో విమానం నడిపే సిమ్యులేటర్ పెట్టి ఇచ్చింది. కాలక్షేపానికి ఇచ్చాడు. మీరు దాన్ని ఉద్యోగం చేసుకున్నారు.

పదిహేను రోజులు తిరగకుండానే ఆన్‌లైన్‌లో మీకో గుంపు తయారైంది. ఖమ్మంలో ఫోన్లు బాగుచేసే నసీర్, హైదరాబాద్‌లో చదువుకునే ప్రవీణ్, ఇంకా కొందరు. నెలకో ఆదివారం అందరూ తలా ఒక విమానం తీసుకుని ఒకే ఊరికి పోవడం. అక్కడ ఎవరు ముందు దిగాలి, ఏ రన్‌వే మీద దిగాలి, ఎంత దూరం నుంచి కిందికి రావడం మొదలుపెట్టాలి... ఈ లెక్కంతా మీరే వేసేవారు. దగ్గరి చూపు ఆనక, రన్‌వేల పటాలుండే ఆ చార్టులు నాతో చదివించుకునేవారు.

“పైకి లేసుడు ఎవడైనా లేస్తడు సరోజా. దిగుడు లెక్క ఇంట్లనే తేలాలె,” అనేవారు.

మొదట్లో నాకేం తెలుసు? రన్‌వే ఒకటే అయితే రెండు నంబర్లు ఎందుకని అడిగాను. మీరు నవ్వలేదు. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి బల్ల మీద పెట్టారు. “ఈ కొస నుంచి వస్తే ఒక నంబరు, ఆ కొస నుంచి వస్తే ఇంకో నంబరు. ఏ కొస అనేది మన ఇష్టం కాదు, గాలి ఇష్టం. గాలికి మొకం పెట్టి దిగాలె, అప్పుడే అది మనల్ని ఆపుతది,” అన్నారు. అంగన్‌వాడీలో ఇన్నేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను, నేను కూడా అంత తేటగా చెప్పలేనేమో.

ఆ పొద్దున గుండె నొప్పి అన్నారు. ఖమ్మం దవాఖానాకు బయల్దేరాం. పాల్వంచ కూడా దాటలేదు...

దాని గురించి ఇంక రాయను.

తర్వాత చాలా రోజులు ఆ గదిలోకి పోయి ఊరికే కూర్చునేదాన్ని. కవిత చూసి చూసి, “అమ్మా, ఈ సామానంతా కట్టేసి పైన పెడదాం. చూసినకొద్దీ నీకు ఏడుపే గదా,” అంది. అది నా మంచికే అన్నది. కానీ నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో అప్పటికి నాకూ తెలియదు.

కిందటి నెలలో నసీర్ ఫోన్ చేశాడు. మీ ఏడాది వస్తోందని, మీ పేరు మీద గుంపంతా రాజమండ్రి పోదామనుకుంటున్నారట. “భద్రాచలం నుంచి మారేడుమిల్లి ఘాట్ మీదుగా అన్న బస్సు తోలింది ఆ ఊరికే గదా అక్కా. పైనుంచి ఒక్కసారన్నా చూడాలె అంటుండె. అన్న ఫొటో ఒకటి పంపు చాలు, మిగతాది మేం చూసుకుంటం,” అన్నాడు.

“ఫొటో పంపుత గని నసీర్, దిగుడు లెక్క నేనేస్త,” అన్నాను.

ఎక్కడి నుంచి వచ్చిందండీ ఆ మాట? నోట్లోంచి వచ్చాక నేనే బిత్తరపోయాను.

“అక్కా... నువ్వు ఎప్పుడన్న ఏసినవా?”

“మీ అన్న ఏసినవన్నీ చదివింది ఎవరనుకున్నవ్?”

“అవ్, నిజమే,” అని నవ్వాడు పాపం.

ఇక చూడండి నా అవస్థ. అంగన్‌వాడీ నుంచి రావడం, చార్టులు ముందేసుకోవడం. మీరు అడుగుతుంటే చదవడం వేరు, ఏం చదవాలో నన్ను నేనే అడగడం వేరు. అందరం హైదరాబాద్‌లో లేచి తూర్పుకు పోతే ఖమ్మం మీదుగా సరిగ్గా సత్తుపల్లి పైకి వస్తాం. ఆ ఊరు దాటగానే కిందికి దిగడం మొదలుపెట్టాలని తేల్చాను. అంతకంటే ఆలస్యమైతే రన్‌వే దగ్గరికి వచ్చేసరికి ఇంకా పైనే ఉంటాం. రోజూ సాయంత్రం ఒక్కదాన్నే మీ కుర్చీలో కూర్చుని నడిపి చూసుకున్నాను. ఎన్నిసార్లు పొలాల్లో దిగానో అడగకండి.

ఆ రన్‌వే కొసల నంబర్లు మీకు తెలుసుగా. ఒక వైపు సున్నా ఐదు, రెండో వైపు రెండు మూడు. మనం వచ్చే దారికి సున్నా ఐదు దాదాపు ఎదురుగానే ఉంటుంది. తూర్పు గాలి ఉంటే నేరుగా పోయి దిగిపోవచ్చు. పడమటి గాలి వస్తే మాత్రం రన్‌వే దాటిపోయి, అవతల వైపు నుంచి వెనక్కి రావాలి. ఉత్తరం దిక్కు నుంచి తిరిగితే దగ్గర. కానీ అటు మీ ఘాట్ కొండలు. అందుకని ఊరి మీదుగా, దక్షిణం నుంచి తిరిగేట్టు గీశాను. కొంచెం దూరమైనా భయం లేదు. మీరైనా అట్లాగే గీసేవారా?

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాం. సిమ్యులేటర్‌లో ఆ వేళ నిజంగా ఉన్న వాతావరణమే పెట్టుకున్నాం. తూర్పు గాలి, సన్నగా. అందరికీ సున్నా ఐదు అని చెప్పాను. ఇన్నేళ్లూ మీ వెనక నుంచి వినబడిన గొంతు కదా, ముందుకొచ్చేసరికి దానికే కొత్తగా ఉంది.

ఖమ్మం దాటాక ఎడమ కిటికీలోంచి చూస్తే దూరంగా గోదావరి, దాని ఒడ్డున మన భద్రాచలం, చుట్టూ పచ్చగా అడవి. కొండల్లోకి వంకర్లు తిరుగుతూ పోయే మీ దారి... చూస్తూ ఉండిపోయేదాన్ని. కానీ సత్తుపల్లి దగ్గరికి వచ్చేసింది.

దిగడం మొదలుపెట్టమని చెప్పి, అలవాటు కొద్దీ వాతావరణం మళ్లీ చదివాను. రాజమండ్రిలో వాన. గాలి తిరిగి నైరుతి నుంచి వీస్తోంది. అప్పటికి మెల్లగానే ఉంది కానీ, మబ్బు ఇంకా ఊరి మీదికి వస్తూనే ఉంది.

ఏం చేయాలి? మీరుంటే అడిగేదాన్ని. పక్కకు చూశాను కూడా... ఆ తర్వాత మైకు నొక్కాను.

“అందరూ వినండి. రన్‌వే మారుతున్నది. సున్నా ఐదు వద్దు. ఊరి మీదుగా తిరిగి రెండు మూడు మీద దిగుతున్నం.”

అందరికంటే ముందున్నది ప్రవీణ్. “ఆంటీ, నేను దగ్గరికొచ్చేసిన. వెనక గాలి కొంచెమే గదా, నేరుగా దిగిపోత,” అన్నాడు.

“ఇప్పుడు కొంచెమే బిడ్డా. నువ్వు నేల మీదికి వచ్చేదాకా గట్లనే ఉంటదా? రన్‌వే తడిసి ఉన్నది. వెనక నుంచి గాలి నూకితే ఆగవు. మనకేం జల్దీ లేదు, తిరిగిపో.”

చార్టు మీద నేను గీసిన దారి మరోసారి చూసుకున్నాను. మాట వినకపోతే? లెక్క తప్పిందని అందరూ అనుకుంటే? మీ పేరు మీద పెట్టుకున్న రోజున...

“సరే ఆంటీ. తిరుగుతున్న.”

ఒక్కొక్కరే గోదావరి దాటి, ఊరి మీదుగా పోయి, ఎడమకు మళ్లి వెనక్కి వచ్చారు. ప్రవీణ్ దిగి ఆగాక, “ఆంటీ, ఎదురుగాలి గట్టిగుంది ఇక్కడ. మంచిగైంది,” అన్నాడు. నేను “మంచిది” అని మాత్రమే అన్నాను. లోపల ఎట్లా ఉందో మీకు చెప్పాలా?

అందరి తర్వాత నేను. వాళ్లకు చెప్పే హడావిడిలో నా విమానం సంగతే సరిగా చూసుకోలేదు. రన్‌వే ఎదురుగా కనబడేసరికి ఇంకా చాలా పైన ఉన్నాను. బలవంతంగా కిందికి తోసేద్దామా అనిపించింది ఒక్క క్షణం. తోయలేదు. మళ్లీ పైకి లేచాను.

“పోయి తిరిగి రా అక్కా, మేం ఈడనే ఉన్నం,” అన్నాడు నసీర్.

రెండోసారి చక్రాలు నేలను తాకాయి. కొంచెం గట్టిగానే. మారేడుమిల్లిలో గుంతలో పడిన బస్సులాగా అనుకోండి. కానీ రన్‌వే మధ్య గీత మీదే ఉన్నాను. రేడియోలో అందరూ ఒకేసారి చప్పట్లు, అరుపులు, ఏ మాట ఎవరిదో తెలియలేదు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో కవిత. టీ తెచ్చి ఎప్పటి నుంచి నిలబడిందో, గ్లాసులో మీగడ కట్టింది. “అమ్మా, అచ్చం నాన్న లెక్కనే మాట్లాడినవ్,” అంది.

కాదన్నాను. “మీ నాన్నయితే ప్రవీణ్‌ను తిట్టేటోడు. నేను తిట్టకుండనే తిప్పిన.”

అది నవ్వింది. నేనూ నవ్వాను. ఆ గదిలో మీరు పోయాక అదే మొదటి నవ్వు.

నిజం చెప్పమంటారా? నాకు చాలా గర్వంగా ఉందండీ. బస్సు తోలిన చేతులతో ఆకాశం దాకా పోయిన మీరంటే గర్వం. మీరు లేని చోట తడబడి కూడా నిలబడిన నేనంటే గర్వం. ఈ వయసులో ఇట్లా అనుకోవచ్చా? అనుకుంటున్నాను మరి.

ఇంకో మాట. గుంపులో ఒక్కొక్కరికి రేడియోలో ఒక్కో పేరు కదా. మీ “ఘాట్ ఎక్స్‌ప్రెస్” పేరు మీదే నేను ఆదివారం నడిపాను. దిగాక నసీర్‌కు చెప్పి ఆ పేరు తీయించేశాను. ఇక అది ఎవరికీ ఇవ్వొద్దన్నాను. అది మీదే, మీతోనే ఉండాలి.

“మరి నీకేం పేరు రాయాలె అక్కా?” అన్నాడు.

ఇప్పపువ్వు అని చెప్పాను, మన అడవి పువ్వే కదా. వచ్చే నెల నుంచి నన్ను ఆ పేరుతోనే పిలుస్తారు. విశాఖపట్నం పోదామంటున్నారు, అక్కడ దిగే లెక్క కూడా నన్నే వేయమన్నారు.

మీకేం కోపం రాలేదు కదా?

మొదటిసారి ఆ పేరు పిలిస్తే ఎవరినో అనుకుని పలకనేమో. రెండోసారి తప్పకుండా పలుకుతాను.

మీ
సరోజ