మట్టికి రాని మేడం

ఆగస్టు 5, మంగళవారం

పొద్దున్నే జోయల్ ఫోన్. నా దగ్గర థెరపీకి వచ్చే క్లయింట్. అసలు పేరు ఇది కాదు, డైరీలో కూడా రాయను. వాళ్లవ్వ, అంటే అమ్మ, చనిపోయిందట. రేపు ఖానాపూర్‌లో మట్టి, జర రండి మేడం అన్నాడు. ఏదో అన్నాను. ఏమన్నానో నాకే గుర్తులేదు.

సాయంత్రం భానుప్రసాద్ సార్‌ను అడిగాను. హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో నా కేసులు విని నాకు సూపర్‌విజన్ ఇచ్చేది ఆయనే. వెళ్లొద్దు, థెరపిస్టు గది దాటితే థెరపీ మిగలదు అన్నారు. నేను చదివే రిలేషనల్ పుస్తకాలేమో థెరపిస్టూ మనిషే, ఇద్దరి మధ్య జరిగేదే వైద్యం అంటాయి. మరి ఖానాపూర్ బస్సెక్కమంటాయా? అది ఏ పేజీలోనూ లేదు.

ఆగస్టు 6

వెళ్లలేదు.

ఆగస్టు 7

ఒక క్లయింట్ తల్లి పోయిందని మాత్రం అమ్మీకి చెప్పాను. గింత చదువు చదివి చావింటికి పోవద్దనా షాహీన్ నువ్వు నేర్చుకున్నది అంది. ఒళ్లు మండింది. అమ్మీ మీద కాదు.

ఆగస్టు 14, గురువారం

జోయల్ వచ్చాడు. ఏం ఫికర్ లేదు మేడం, మీకు మస్తు పనులుంటయి అని నవ్వాడు. సెషన్ మొత్తం వాన గురించి, తన స్కూల్లో ఇన్‌స్పెక్షన్ గురించి మాట్లాడాడు. ఈ మర్యాద చూస్తే పిచ్చెక్కుతుంది నాకు. అతను నా దగ్గరికి వచ్చిందే దీనికోసం. ఎవరి మీదా కోపం చూపలేడు, కడుపులో మంట తెచ్చుకుంటాడు. కోపం చేస్తే మనుషులు పోతరు మేడం అని మొదటి రోజే చెప్పాడు. మంచాన పడ్డ అవ్వను ఒక్కసారీ చూడ్డానికి రాని అన్నకు కూడా క్రిస్మస్‌కు కేకు పంపుతాడు. ఇలాగే నవ్వుకుంటూ ఒకరోజు నా దగ్గరికి రావడం మానేస్తాడు.

ఆగస్టు 16

ట్రాన్స్‌ఫరెన్స్ అన్నారు సార్. అన్న మీది కోపాన్ని తెచ్చి నీ మీద పెట్టాడు, అదే అతనికి చెప్పు అన్నారు. అంటే నా తప్పేం లేదన్నమాట. ఎంత హాయి!

ఆగస్టు 21, గురువారం

చెప్పాను, అచ్చం పుస్తకంలోలాగా. అన్న సంగతి వేరే, రాంది మీరు మేడం అన్నాడు జోయల్. మెల్లగానే అన్నాడు.

సిగ్గేసింది. అన్న మీది కోపం నా మీదికి వచ్చిందన్నది నిజం. రానిది నేనే అన్నదీ నిజం. రెండోది దాచి మొదటిది చెప్పడం తప్పించుకోవడమే. అదే అతనికి చెప్పాను. రాకూడదనుకున్నది నేనే, ఆ బాధ నేను పెట్టిందే అన్నాను.

లేచి నిలబడ్డాడు. మా అవ్వను మట్టిల పెడుతుంటే నీకు రూల్ యాదికొచ్చిందా అని అరిచాడు. ఇన్నాళ్లూ మీరు అన్నవాడు ఇవాళ నీకు అన్నాడు! కింద మెడికల్ షాపు వాహెద్ భాయ్ ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. జోయల్ అతన్ని తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆగస్టు 23

సార్‌కు ఒకటే సంబరం. కోపం బయటపడింది, అద్భుతం అన్నారు. మనిషి పోయాడు సార్ అన్నాను. ఆయన ఇంకా ఏదో చెబుతుంటే నెట్ రావట్లేదని కాల్ కట్ చేశాను. నెట్ బాగానే ఉంది.

జోయల్‌కు ఫోన్ చేయాలా? చేస్తే కోపాన్ని బుజ్జగించినట్టు. చేయకపోతే మట్టికి రానిదాన్ని మళ్లీ రానట్టు. సెమినార్లలో సార్ సిద్ధాంతాన్నీ నా పుస్తకాల సిద్ధాంతాన్నీ ఎంత సులువుగా కలిపేస్తారో! ఆ రెండు వైపులవాళ్లూ ఒకసారి వచ్చి నా కుర్చీలో కూర్చోవాలి.

ఆగస్టు 28, గురువారం, సాయంత్రం 5

వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, కోపం ఇంకా తగ్గలే అన్నాడు.

కూర్చోండి అన్నాను.